పుస్తకానికీ పేరూ వూరూ వుండాలి



మన వంటింట్లో ముప్పయి డబ్బాలు వున్నాయనుకుందాం. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. కొన్నిటి మీద చీటీలే లేవు. కొన్నిటి మీద వున్నా, అవి పాతవి. "కందిపప్పు" అని రాసివున్న డబ్బా మూత తీస్తే బొంబాయి రవ్వ కనిపిస్తుంది. ఏది ఎక్కడుందో ఆ ఇంటి ఇల్లాలు కళ్ళు మూసుకుని చెప్పగలదు. కాని ఆవిడ నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళిందంటే, ఆ ఇంట్లో సరుకులన్నీ వుండీ లేనట్టే. పాపం, ఆయనగారు ఇంట్లో వున్న రవ్వకోసం సంచీ పట్టుకుని బజారుకు బయలుదేరతారు.

యీవేళ నేను చెప్పబోయేది పుస్తకాల సంగతి. ఇప్పుడు చాలా ఇళ్ళలో పుస్తకాల బీరువా కాక మరో బీరువా కూడా వుంటోంది. దానికి తలుపులుండవు, చెదలు పట్టవు. ఫోనులోనో, కంప్యూటరులోనో, చిటికెనవేలంత పెన్‌డ్రైవులోనో వందలకొద్దీ పుస్తకాలు దాచుకుంటున్నాం. స్నేహితురాలు పంపిన నవల, పిల్లలు ఎక్కడినుంచో దింపి ఇచ్చిన పురాణం, అమ్మమ్మ వాడిన నోముల పుస్తకాన్ని మనవడు ఫోటోలు తీసి కట్టిన ప్రతి, అన్నీ అందులోనే. బాగానే వుంది. మరి కావలసిన పుస్తకం కావలసిన వేళకు దొరుకుతోందా? తెరిచి చూస్తే "స్కాన్ 47", "కొత్తది 2", "డాక్యుమెంటు 3" అని వరసగా పేర్లు. లోపల ఏముందో తెలియాలంటే ఒక్కొక్కటీ మూత తీసి చూడవలసిందే.

అచ్చుపుస్తకానికి యీ ఇబ్బంది అంతగా వుండదు. అట్ట మీద పేరుంటుంది, లోపలి పేజీలో రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం వుంటాయి. మన కన్ను వాటిని చదువుకుంటుంది. కంప్యూటరు సంగతి వేరు. స్కాన్ చేసిన పుస్తకం దాని దృష్టిలో వట్టి బొమ్మల కట్ట. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాములు వచ్చిన మాట నిజమే గాని, పాత తెలుగు అచ్చు దగ్గర అవి తరచూ తడబడతాయి. అందుకని పుస్తకం గురించిన వివరాలు మనం విడిగా రాసి పెట్టాలి. పుస్తకం గురించిన యీ సమాచారాన్నే మెటాడేటా అంటారు. పేరు కొత్తదిగా వినిపించినా పని కొత్తది కాదు. గ్రంథాలయంలో సొరుగు లాగితే వరసగా కార్డులుండేవి, గుర్తుందా? ఆ కార్డు మీద వుండేదంతా మెటాడేటాయే.

ఆ కార్డుల విలువ మన పెద్దలకు బాగా తెలుసు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడ్డ నాటినుంచి వూరూరా గ్రంథాలయాలు పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు పుస్తకాలు పోగుచేయడంతో సరిపెట్టుకోలేదు. వాటికి పట్టీలు వుండాలన్నారు, పద్ధతి వుండాలన్నారు. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో ఒకటి, చదువరి కాలాన్ని ఆదా చేయాలన్నది. 1934లో ఆయన పుస్తకాల జాబితా ఎలా రాయాలో చెబుతూ నియమావళే వెలువరించారు. మన దేశపు పేర్లలో ఏ మాటను ముందు పెట్టాలి అన్నదానిమీద ఆయన ఎంతో ఆలోచించారు. ఆ ప్రశ్న ఇవాళ మన ఫోనులోకి వచ్చి కూర్చుంది.

ఒక వుదాహరణ చూడండి. తెలుగులో తొలితరం కథారచయిత్రి అచ్చమాంబగారు. 1874లో పుట్టి 1905లోనే కన్నుమూశారు. ఆమె రాసిన "ధనత్రయోదశి" కథ 1902లో హిందూసుందరి పత్రికలో వచ్చింది. ఆమె ఇంటిపేరును కొందరు "బండారు" అని రాస్తారు, కొందరు "భండారు" అని వత్తుతో రాస్తారు. మనిషి ఒకరే, కంప్యూటరుకు మాత్రం ఇద్దరు. మీరు వత్తు లేకుండా వెతికితే, వత్తుతో నమోదైన పుస్తకం మీ ఎదుట వుండి కూడా కనిపించకపోవచ్చు. కథ పేరును "ధన త్రయోదశి" అని విడదీసి రాసినవారుంటే అది మరో చిక్కు. ఆమె తమ్ముడు లక్ష్మణరావుగారి ఇంటిపేరు చూడండి. పాత పుస్తకాల్లో బండి ఱ తో "కొమఱ్ఱాజు", కొత్త పుస్తకాల్లో "కొమర్రాజు". ఆ తరవాత "వేంకట" అని దీర్ఘం వుందా, "వెంకట" అని హ్రస్వమా? అక్కాతమ్ముళ్ళ రెండు పేర్లకే ఇన్ని తేడాలుంటే, వేల పుస్తకాల జాబితాలో ఎన్ని వుంటాయో మీరే ఆలోచించండి.

దీనికి విరుగుడు గ్రంథాలయాలవారు ఏనాడో కనిపెట్టారు. ఒక మనిషికి ఎన్ని రూపాల్లో పేరు వున్నా, జాబితాకోసం ఒక రూపాన్ని ఖాయం చేస్తారు. మిగతా రూపాలన్నిటినీ దాని కింద రాసి, "దీనికోసం అక్కడ చూడండి" అని దారి చూపిస్తారు. "బండారు" అని వెతికినా "భండారు" అని వెతికినా ఒకే గుమ్మం దగ్గరకు చేరతాం. ఇందులో ఒక రూపం ఒప్పు, రెండోది తప్పు అన్న తీర్పు ఏమీ లేదు. ఏదో ఒకటి ఎంచుకుని, దానిమీద నిలబడడమే ముఖ్యం.

ఆడవాళ్ళ పేర్ల విషయంలో యీ జాగ్రత్త మరీ అవసరం. ఎందుకంటే మన పేర్లు ఒకచోట నిలవవు కదా! పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరు, పెళ్ళయ్యాక మరొకటి. ఒకరు పుట్టింటి పేరుతో రాయడం మొదలుపెట్టి అత్తింటి పేరుతో కొనసాగిస్తారు. మరొకరు రెండూ వదిలేస్తారు. ఒకప్పటి నవలల మీద "ముప్పాళ రంగనాయకమ్మ" అని వుంటుంది, తరవాతి పుస్తకాల మీద "రంగనాయకమ్మ" అని మాత్రమే వుంటుంది. యీ రెండూ ఒకరివేనని ఎవరో ఒకరు జాబితాలో కలిపి రాయకపోతే, కొన్నేళ్ళకు కొత్త చదువరికి ఆవిడ ఇద్దరు రచయిత్రులుగా కనిపిస్తారు.

పొడి అక్షరాలు మరో చిక్కు. "కాలాతీత వ్యక్తులు" రాసిన డాక్టరు పి. శ్రీదేవిగారినే తీసుకోండి. ఎవరో తొందరలో ఆ "పి" వదిలేసి "శ్రీదేవి" అని నమోదు చేశారనుకోండి. ఆ పేరుతో వెతికితే సినిమాతార శ్రీదేవి గురించిన పుస్తకాలూ, వ్యాసాలూ కుప్పగా వచ్చిపడతాయి. 1961లో చిన్న వయసులోనే పోయిన ఆ రచయిత్రి వాటి అడుగున వుండిపోతుంది. ఒక్క అక్షరం, దాని పక్కన ఒక చుక్క. వాటికి ఎంత బలముందో చూశారా!

ఇక కలంపేర్లు. కనుపర్తి వరలక్ష్మమ్మగారు "శారదలేఖలు" రాశారు, ఆంధ్రపత్రికలో "లీలావతి" అనే పేరుతో ముచ్చట్లు రాశారు. "ఇల్లాలి ముచ్చట్లు" రాసిన "పురాణం సీత" ఎవరంటారా? పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు. "బీనాదేవి" అన్న పేరు వెనుక భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు ఇద్దరూ వున్నారు. జాబితా రాసేవారు యీ పేర్లు చూసి, రచయిత "స్త్రీ, ఒకరు" అని తేల్చేస్తే రెండుచోట్లా పొరపాటే. ఇలాంటిచోట పుస్తకం మీద వున్న పేరును చెరపకూడదు. ఆ పేరు అలాగే వుంచి, దాని పక్కన అసలు పేరును జతచేయాలి.

ఇప్పుడు యంత్రం చేసే చిలిపిపనులు కొన్ని చెబుతాను. ఇంట్లో వున్న డిజిటల్ పుస్తకాలను సర్దుకోవడానికి క్యాలిబర్ అనే ప్రోగ్రాం వుంది. దీన్ని 2006లో కోవిద్ గోయల్ మొదలుపెట్టారు. ఉచితంగానే దొరుకుతుంది, ఎంతో ఉపయోగం. అయితే దానికి పాశ్చాత్యుల అలవాటు నేర్పారు. పేరులో చివరి మాటే ఇంటిపేరనుకుంటుంది. వరసలో పెట్టేటప్పుడు ఆ చివరి మాటను ముందుకు తెస్తుంది. మనకు ఇంటిపేరు ముందే వుంటుంది కదా! "యద్దనపూడి సులోచనారాణి" అని రాస్తే, దాన్ని తిప్పి "సులోచనారాణి" అన్న చోట పెడుతుంది. ఇంటిపేరుతో వెతుక్కునే మనకు "య" దగ్గర ఆమె కనిపించరు. యీ తిప్పడాన్ని మాన్పించే వీలు ఆ ప్రోగ్రాంలోనే వుంది. పేరు ఎలా రాశామో అలాగే వరసలో పెట్టమని చెప్పవచ్చు. మొదటి పుస్తకం చేర్చకముందే ఆ పని చేసుకుంటే తరవాత వెయ్యి పేర్లు దిద్దే శ్రమ తప్పుతుంది.

"శ్రీమతి" సంగతి ఇంకా విచిత్రం. మర్యాదకోసం పాత పుస్తకాల మీద రచయిత్రి పేరుకు ముందు "శ్రీమతి" అనీ, "సౌభాగ్యవతి" అనీ, "కుమారి" అనీ వేసేవారు. దాన్ని కూడా పేరులో కలిపి నమోదు చేస్తే, జాబితాలో రచయిత్రులందరూ "శ్రీ" దగ్గర బారులు తీరి నిలబడతారు. మర్యాదలు వుంటే వుండనీయండి, వరసకు మాత్రం వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. అలాగని ఒక్కసారిగా, వున్న "శ్రీ"లన్నీ తీసెయ్యమని కంప్యూటరుకు పురమాయించేరు! అది చెప్పినపని చెప్పినట్టు చేస్తుంది. శ్రీదేవి కాస్తా దేవి అవుతుంది, శ్రీరంగం రంగమవుతుంది, ఇక శ్రీశ్రీగారైతే మొత్తానికే మాయమైపోతారు. మూకుమ్మడిగా దిద్దేటప్పుడు ముందు ఏవేవి మారతాయో జాబితా చూసుకుని, తరవాతే సరే అనాలి.

పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే వచ్చే తిప్పలు చూడండి. "సీతాలక్ష్మి" అన్న పేరుంది. "సీ" అనడానికి కొందరు "ఇ" రెండుసార్లు రాస్తారు, కొందరు ఒక్క "ఐ" రాస్తారు. "త"కు "టి" ఒక్కటే పెట్టేవారున్నారు, పక్కన "హెచ్" చేర్చేవారున్నారు. అంటే సీతకే నాలుగు రూపాలు. లక్ష్మి మధ్యలో "ఎక్స్" రాయవచ్చు, "కె ఎస్" రాయవచ్చు, "కె ఎస్ హెచ్" రాయవచ్చు. చివర "ఐ", "వై", రెండు "ఇ"లు. అవి తొమ్మిది రూపాలు. నాలుగు తొమ్ములు ముప్పయ్యారు! ఒక్క సీతాలక్ష్మి ముప్పయ్యారు మంది అయింది.

ఇది నవ్వులాటకు చెబుతున్న మాట కాదు. ఆచార్య రాజ్ రెడ్డిగారి ఆలోచనతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, మరికొన్ని సంస్థలు కలిసి తలపెట్టిన మహాయజ్ఞంలో భాగంగా "డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా" ఏర్పడింది. అందులో వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ ప్రతులు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. అది లేకపోతే ఎన్నో పాత పుస్తకాలు మనం కళ్ళతో చూసి వుండేవాళ్ళం కాదు. కాని వాటిలో చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు లిపిలో, ఒకటి ఒక తీరున, ఇంకొకటి మరో తీరున నమోదయ్యాయి. తెలుగులో పేరు కొట్టి వెతికేవారికి అవి అందవు. తెలుగు వికీపీడియాలో స్వచ్ఛందంగా పనిచేసేవారు కొందరు కూర్చుని, ఆ పుస్తకాలను తెరిచి చూసి, పేర్లను తెలుగు లిపిలో రాసి జాబితాలు తయారుచేశారు. ఎవరూ సన్మానాలు చేయని పని అది. దానివల్ల దొరికిన పుస్తకాలు మాత్రం ఎన్నో. మన ఇంటి జాబితాలోనూ అదే పాటిద్దాం. తెలుగు పుస్తకం పేరు ముందు తెలుగు లిపిలో రాద్దాం. ఇంగ్లీషు రూపం కావాలంటే రెండో వరసలో చేర్చుకోవచ్చు.

తెలుగులో రాస్తే చిక్కులన్నీ తీరిపోతాయా అంటే, పూర్తిగా తీరవు. కంటికి కనిపించని తేడాలు కొన్ని వుంటాయి. "హై" అన్న అక్షరంలో ఐత్వం వుంది చూశారా, దాన్ని కంప్యూటరులో ఒకే గుర్తుగా దాచవచ్చు, రెండు ముక్కల గుర్తులుగా కూడా దాచవచ్చు. తెర మీద రెండూ ఒకలాగే వుంటాయి. "షేక్‌స్పియర్" అని రాసేటప్పుడు పొల్లు నిలవడానికి మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెడతాం. ఒకచోట అది వుండి, మరోచోట లేకపోతే యంత్రానికి రెండు వేరు మాటలైపోతాయి. మంచి ప్రోగ్రాములు యీ తేడాలను తామే సరిచేసుకుంటాయి. కళ్ళెదుట వున్న పేరు వెతికితే దొరక్కపోయినప్పుడు మాత్రం కంగారుపడకుండా, ఆ పేరును తుడిచేసి మరోసారి శుభ్రంగా టైపు చేసి చూడండి.

పేరు తరవాత చూడవలసింది సంవత్సరం. స్కాన్ చేసిన పుస్తకాల వివరాల్లో ఒక్కోసారి 2005 అనో 2015 అనో వుంటుంది. అది స్కాన్ చేసిన తేదీ కావచ్చు, ఎక్కించిన తేదీ కావచ్చు. పుస్తకం వయసు దానివల్ల తెలియదు. లోపలి పేజీ చూడాలి. అక్కడ మరో ముడి ఎదురవుతుంది. పాత పుస్తకాల్లో కొన్నిటి మీద "ప్రభవ" అనో "విభవ" అనో తెలుగు సంవత్సరమే వుంటుంది. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుందని మనకు తెలుసు. ప్రభవ 1867లో వచ్చింది, 1927లో వచ్చింది, 1987లో వచ్చింది. పుస్తకం ఏ ప్రభవలోదో కాగితం, అచ్చు, ధర, పీఠికలోని మనుషులు, యీ ఆధారాలు చూసి తేల్చాలి. పైగా మన సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కనక అది రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది. శాలివాహన శకం వేసివుంటే మేలు, దానికి 78 కలిపితే సుమారుగా తేలుతుంది.

సంవత్సరం తప్పయితే కొంప మునుగుతుందా అనుకోకండి. కొన్నిసార్లు మునుగుతుంది. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరవాతి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళపాటు హక్కులు వారసులకుంటాయి. ఆ తరవాత ఆ రచన అందరిదీ. అసలు రచయిత ఎవరో బయటపడని కలంపేరు రచనకైతే ప్రచురించిన కాలాన్నిబట్టి లెక్క. అంటే రచయిత ఎవరు, ఏ సంవత్సరం అన్న రెండు గడులూ సరిగా వుంటేనే పుస్తకాన్ని పదిమందికీ పంచవచ్చా, పంచకూడదా అన్నది తేలుతుంది. తప్పు రాస్తే, ఒకవైపు బతికున్న రచయిత్రి కష్టార్జితం ఉచితంగా పంచిపెట్టిన వాళ్ళమవుతాం. మరోవైపు ఏనాడో అందరిదీ అయిపోయిన పుస్తకాన్ని, ఎందుకొచ్చిన గొడవ అని ఎవరూ ముట్టుకోకుండా మూలపడేస్తాం.

కొత్త పుస్తకాలకు కొంత సులువుంది. వాటి వెనుక అట్ట మీద ఐ.ఎస్.బి.ఎన్. అని అంకెలుంటాయి. 2007 జనవరి నుంచి అవి 13 అంకెలు, అంతకుముందు 10. ఆ అంకెలు కొడితే చాలా పుస్తకాల వివరాలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. అయినా ఒకసారి సరిచూసుకోవడం మంచిది. కాని యీ అంకెల పద్ధతి అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిందే 1970లో. మన నాయనమ్మలు చదివిన పుస్తకాలకు ఏ అంకే లేదు. వాటికి పేరే గతి. పేరు పోతే ఇక పట్టుకోవడానికి ఏ పిడీ వుండదు.

ఇక విషయ విభాగం. ఒకరోజు "వంటలు" అని రాస్తాం, మరో రోజు "వంటకాలు", ఇంకోనాడు హుషారుగా వుండి "పాకశాస్త్రం". మూడుచోట్ల మూడు కుప్పలు తయారవుతాయి. ఒక మాట ఎంచుకుని దానికే కట్టుబడాలి. అలాగే "స్త్రీల సాహిత్యం" అని ఒక పెద్ద బుట్ట పెట్టి, నవల, నోముల కథ, శిశుపోషణ, ఆవకాయ అన్నీ అందులో పడేయకండి. మాలతీ చందూర్‌గారు నవలలు రాశారు, వంటల పుస్తకం రాశారు, "ప్రమదావనం" శీర్షికలో పాఠకులకు జవాబులు చెప్పారు. ఆవిడ ఆడది కనక అన్నీ ఒక బుట్టలోనే అంటే ఎలా? విషయం పుస్తకానిది. రాసినవారు ఆడవారా, మగవారా అన్నది వేరే సంగతి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? 1995లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్ అనే వూళ్ళో నిపుణులు సమావేశమై చేసిన ఆలోచన ఆ తరవాత 15 గడుల పట్టికగా స్థిరపడింది. ఆ వూరి పేరుతోనే దాన్ని డబ్లిన్ కోర్ అంటారు. పెద్ద గ్రంథాలయాలకు అంతా కావాలి. మన ఇంటికి ఏడు చాలు: పుస్తకం పేరు, రచయిత, అనువాదకులు లేదా సంపాదకులు, ప్రచురణకర్త, సంవత్సరం, సంపుటం, విషయం. సంపుటాల అంకె రాసేటప్పుడు 1 బదులు 01 అని రాయండి. లేకపోతే చాలాచోట్ల ఒకటో సంపుటం పక్కన పదోది వచ్చి కూర్చుంటుంది, రెండోది ఎక్కడో దూరంగా పోతుంది.

పని మొదలుపెట్టేముందు మొత్తం పుస్తకాలకు ఒక నకలు తీసి వేరే చోట భద్రపరచండి. ఒక చిన్న నోటుపుస్తకంలో మీ నియమాలు రాసుకోండి. "ఇంటిపేరు ముందు. శ్రీమతి వద్దు. వంటలు అనే మాటే వాడాలి." ఇలా. ఆర్నెల్ల తరవాత మీకే గుర్తుండదు, మీ తరవాత చేసేవారికి అసలే తెలియదు. రోజుకు పది పుస్తకాలు చాలు. నెలకు మూడు వందలు అవుతాయి. ప్రతిసారీ లోపలి పేజీ తెరిచి, కళ్ళతో చూసి రాయండి. ఫైలు పేరును నమ్మవద్దు. తెలియని గడిని ఖాళీగా వదిలేయండి. వూహించి నింపిన గడికన్నా ఖాళీ గడి వెయ్యిరెట్లు నయం. ఖాళీ చూసినవారు వెతుకుతారు. తప్పు చూసినవారు నిజమనుకుని ముందుకు పంపుతారు.

చివరగా ఒక మనవి. మీ ఇళ్ళలో పెళ్ళిపాటల నోటుపుస్తకాలు, మంగళహారతులు, చిట్కాలు రాసుకున్న కాగితాలు వుంటాయి. యీమధ్య పిల్లలు సరదాపడి వాటినీ స్కాన్ చేస్తున్నారు. చాలా మంచి పని. కాని దానికి పెట్టే పేరేమిటి? "అమ్మమ్మ పాటలు". ఎవరి అమ్మమ్మ? ఏ వూరు? ఇంకో రెండు తరాలు గడిస్తే ఆ ఫైలు పదిచోట్లకు ప్రయాణం చేసి వుంటుంది, ఆ అమ్మమ్మ ఎవరో చెప్పగలిగినవారు ఒక్కరూ మిగలరు. "అమ్మమ్మ" అనేది మనకు పిలుపు. లోకానికి ఆవిడ పేరు కావాలి. ఆవిడ పూర్తి పేరు, పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, పుట్టిన వూరు, ఏ సంవత్సరాల్లో రాశారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, అయిదు నిమిషాల్లో రాసి ఆ ఫైలుకు జతచేయండి. ఇప్పుడైతే అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్ళున్నారు.

జానపదమనీ, అజ్ఞాత రచయిత అనీ మనం అనుకునేవాటిలో ఎన్నింటికి ఒకనాడు పేరుగల ఆడమనిషి వుండేదో! ఆనాడు రాసి పెట్టుకునే వీలు అందరికీ లేదు. ఇవాళ వుంది. వీలుండి కూడా ఆ గడి ఖాళీగా పోనీయకండి. ఇంట్లో పెద్దవారెవరైనా మేలుకుని వుంటే, యీ రాత్రే ఒక్క పేరు అడిగి రాసి పెట్టండి.

సెలవు.